నాయర్ల తల్లి యిల్లు

మన తెలుగు పెండ్లిండ్లలో మేనమామకు గల మర్యాదను పెద్దలకు వేఱుగా చెప్పవలసిన పని లేదు. పెండ్లికూతును గంపలో కూర్చుండబెట్టి పీటల యొద్దకు తెచ్చువాడు మేనమామ. పసిబిడ్డకు చెవులు కుట్టునప్పుడు ఒడిలో నుంచుకొనువాడు మేనమామ. ఆయన ముఖము చిన్నబోయిన నాడు పెండ్లివారందఱును చిన్నబోవుదురు. అయినను ఈ మర్యాద యంతయు లాంఛనములతో సరి. పొలములో గట్లు పెట్టి పంచుకొను దినమున మేనమామ వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పవచ్చును గాని, ఆయన పొలములో మేనల్లునికి సెంటు భూమి రాదు. తండ్రి సొత్తు కొడుకునకు వచ్చుట సూర్యుడు తూర్పున పొడుచుట వంటిదని మన నమ్మకము.

సరిగా దీనికి ఎదురైన నమ్మకముతో కొన్ని వందల యేండ్లు బ్రదికిన భూస్వామ్యము గల వీరజాతి మన దక్షిణదేశముననే కలదు. వారే మలయాళ దేశపు నాయర్లు. వారి యిండ్లలో మేనమామ యేలిన సొత్తు మేనల్లునికి వచ్చెడిది. తండ్రి సొత్తుతో కొడుకునకు సంబంధము లేకుండెను. ఇల్లాలు అత్తవారింటికి పోయెడిది కాదు. మగడే ప్రొద్దుగ్రుంకిన పిమ్మట ఆమె యింటికి వచ్చి, తెల్లవారుసరికి తన తల్లి యింటికి మరలిపోయెడివాడు.

వీరు మనకు మిక్కిలి దూరపువారు కారు. దత్తమండలములు కుంపినీవారి వశమైన 1800 సంవత్సరముననే మలబారు జిల్లా బొంబాయివారి చేతినుండి చెన్నపురివారి చేతికి మాఱెను. అది మొదలు 1953లో ఆంధ్ర రాష్ట్రము వేఱుపడువఱకు మన సర్కారు జిల్లాలును, రాయలసీమయు, మలబారును ఒక్క గవర్నరు క్రింద నుండినవి. తిరువాన్కూరు, కొచ్చిన్ సంస్థానములు మాత్రము తమ రాజుల యేలుబడిలో నుండెను. ఆంధ్రప్రదేశ్ పుట్టిన 1956 నవంబరు 1వ తేదీననే ఈ మూడు సీమలలోని మలయాళ భాగములు చేరి కేరళ రాష్ట్రమైనవి.

నాయరు అను పేరు మన నాయుడు, నాయకుడు అను మాటలకు జ్ఞాతియే యని పలువురి మతము. అయితే నాయర్లనగా ఒక్క తీరువారు కారు. కిరియము, ఇల్లము, స్వరూపము మొదలైన అంతరములు వారిలో పెక్కు కలవు. పై తరగతివారు నాడులకు, దేశములకు ప్రభువులు. దేశమనగా అక్కడ మన గ్రామమువంటిది. క్రింది తరగతులలో గుడులలో పని చేయువారును, నాయర్లకే బట్టలుతుకువారును, క్షౌరము చేయువారును నుండిరి. పేరు చివర చేరు బిరుదులును వృత్తిని బట్టి వచ్చినవే. లెక్కలు వ్రాయువారికి మేనోన్ అనియు, సాము నేర్పు గురువులకు పణిక్కర్, కురుప్ అనియు వాడుక. నంబియార్, కైమళ్, ఉణ్ణిత్తాన్ మొదలైనవి ప్రభువు లిచ్చిన గౌరవములు.

ఇచ్చట నొక చిత్రము. కత్తి పట్టి రాజ్యములను నిలిపిన ఈ జాతిని అక్కడి నంబూదిరి బ్రాహ్మణులు శూద్రులనియే లెక్కించిరి. మనవారి సంగతియు అంతకన్న వేఱు కాదు. కాకతీయుల తరువాత మన రెడ్డి, నాయక ప్రభువుల శాసనములను చూచినవారు, ఆ దొరలు తమ్ము చతుర్థ కులజులుగా చెప్పుకొనుటయు, గంగతో పాటు విష్ణుపాదమున పుట్టినవారమని గర్వించుటయు ఎఱుగుదురు. మనవా రా మాటనే బిరుదుగా మార్చుకొనిరి. నాయర్లు శాసనములలో గర్వింపలేదు. వారు నంబూదిరిని గుడికి అధికారిగాను, భూమికి జన్మిగాను, తుదకు తమ ఆడపడుచులకు భర్తగాను అంగీకరించి, క్రింది కులముల యెడల తమ పెత్తనమును నిలుపుకొనిరి.

మొదట వారి కత్తి సంగతి చెప్పెదను. పోర్చుగీసువారి కొలువులో వ్రాయసకాడుగా నుండి మలయాళ భాష నేర్చిన దువార్తె బార్బోసా యనువాడు పదునాఱవ శతాబ్దపు మొదటి పాదములో మలబారును గూర్చి వ్రాసిన గ్రంథమున, నాయరు బాలుని ఏడవ యేటనే సాముగరిడీల బడికి పంపుదురని చెప్పినాడు. ఆ బడికి కళరి యని పేరు. నేలను దిగద్రవ్వి, నలువది రెండడుగుల పొడవు, ఇరువదియొక్క అడుగుల వెడల్పున కట్టుట సంప్రదాయము. నైరృతి మూలను ఏడు మెట్ల దేవతాపీఠము. మొదట ఒంటికి నూనె పట్టించి గురువు తన కాళ్లతో త్రొక్కి శిష్యుని కీళ్లను మెత్తపరచును. పిమ్మట ఒడలి సాధన, కఱ్ఱ, కత్తి, డాలు, బల్లెము. తుదకు ఆయుధము లేని వట్టి చేతులతో పోరుట. నడుమునకు చుట్టుకొనదగిన ఉరుమి యను మెత్తని కత్తియు వారి విద్యలోనిదే. ఈ విద్య నాయర్లకే పరిమితమని తలపరాదు. తీయలలో చేకవర్లు దీనియందు ఆరితేరినవారు. ఉత్తర మలబారు వీరగాథలలో నాయరైన తచ్చోళి ఒతేనన్‌కు ఎంత కీర్తియో, తీయ వనితయైన ఉణ్ణియార్చకును అంత కీర్తి కలదు.

ఈ కత్తి దేనికొఱకు? ప్రభువు కొఱకు చచ్చుటకు. ఇది అలంకారముగా చెప్పిన మాట కాదు. భారతప్పుళ నదీతీరమున తిరునావాయ యను క్షేత్రమునందు పండ్రెండేండ్లకొకమాఱు మాఘమాసమున మామాంకమను మహోత్సవము జరుగుచుండెను. ఆ యుత్సవమునకు పెద్దగా నిలుచు హక్కు మొదట వళ్ళువనాటి రాజుది. కాలికటు ప్రభువైన సామూతిరి దానిని లాగుకొనెను. అది మొదలు మామాంకము వచ్చినపుడెల్ల వళ్ళువనాటి నాయరు కుటుంబములనుండి కొందఱు యువకులు అంగాడిపురమందలి తిరుమాంధాంకున్ను భగవతి కోవెలలో సెలవు పుచ్చుకొని, వేలకొలది సైనికుల నడుమ నెత్తైన తిన్నెపై నిలిచిన సామూతిరిని చంపుటకు కత్తులతో దుమికెడివారు. వారికి చావేర్లని పేరు. చావునకు ఒడిగట్టినవారని యర్థము. ఒక్కడును సామూతిరిని చంపజాలలేదు; తిరిగి యిల్లు చేరుదమన్న యాశతో పోయినవాడును లేడు. పండ్రెండేండ్లకు మఱల అవే యిండ్లనుండి మఱి కొందఱు. పల్నాటి వీరుల కథ విని కంట తడి పెట్టు మనకు ఇది తెలియని భావము కాదు. అయితే కార్యమపూడి రణము ఒక్కసారి జరిగిన రణము. మామాంకము తరతరముల పద్దు.

ఇట్టి బ్రదుకు గల పురుషుని నమ్మి యిల్లు నిలుచునా? నాయర్ల యింటిని చూచిన యెడల, దానిని కట్టినవారు ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకొనియే కట్టినట్లు తోచును.

ఆ యింటికి తరవాడని పేరు. మధ్య ముంగిలి, నాలుగు వైపుల నాలుగు వసారాలు గల చావడి యిల్లు. దానిని నాలుకెట్టు అందురు. సంపన్నుల యిండ్లకు ఎనిమిది కెట్టులును, పదునాఱు కెట్టులును కలవు. చుట్టును కొబ్బరి, పనస, పోక చెట్లతో విశాలమైన దొడ్డి. నైరృతి మూలను చెట్లు నఱుకకుండ విడిచిన సర్పకావు. ఇంటిలో పరదేవతకు ఒక గది. ఈ యింటిలో నుండువారు ఒక మూలపుటమ్మ కడుపున పుట్టిన స్త్రీల సంతతి. తల్లి, ఆమె అక్కచెల్లెండ్రు, ఆమె అన్నదమ్ములు, కూతుళ్లు, కొడుకులు, కూతుళ్ల బిడ్డలు. కోడలను మాటకు ఆ యింటిలో తావు లేదు. అల్లుడు రాత్రి చుట్టము. కొన్ని యిండ్లలో నూఱు మంది వఱకును ఒక్క పొయ్యి కూడు తినిరి.

పురుషులలో వయసున పెద్దవాడు కారణవన్. సొత్తు నతడు నడపును. అది యతనిది కాదు. పిన్నలకు అనంతరవన్లని పేరు. ఎవ్వడును నా పాలు నాకు పంచియిమ్మని యడుగ వీలు లేదు. అందఱును ఒప్పుకొన్న గాని పంపకము లేదు. నూఱు మందిలో ఒక్కడు కాదన్నను అది జరుగదు. పురుషుడు చనిపోయినచో అతని వంతు అను మాటయే లేదు. ఆ యింటి తినెడి నోళ్లలో ఒకటి తగ్గెను, అంతే. అక్కాచెల్లెండ్ర బిడ్డలతో యిల్లు ముందునకు సాగును. ఈ పద్ధతికి మరుమక్కత్తాయమని పేరు. మరుమక్కళ్ అనగా మేనళ్లుండ్రు, మేనకోడండ్రు.

కొడుకు కొలువునకు పోయి చచ్చిన నాడు అతని భార్యాబిడ్డలు దిక్కులేనివారు కాకుండుటకు ఇంతకన్న గట్టి యేర్పాటు మఱి లేదు. వారు మొదటినుండియు వేఱొక యింటి బియ్యము తినువారే. ఈ పద్ధతి యెట్లు పుట్టినదను విషయమున పండితులలో ఏకాభిప్రాయము లేదు. పదునొకండవ శతాబ్దమున చేరులకును చోళులకును జరిగిన దీర్ఘయుద్ధములే దీనికి కారణమని ఇళంకుళం కుంజన్ పిళ్ళ యను చరిత్రకారుడు వాదించెను. అంతకుముందే యిది యుండెనని మఱి కొందఱందురు. పదునాలుగవ శతాబ్దమున ఆ తీరమున తిరిగిన ఇబ్ను బతూతా మేనల్లునికి వారసత్వము పోవుటను చూచి విస్తుపోయినాడు. నా మట్టుకు, పుట్టుక యెట్టిదైనను అది యిన్ని శతాబ్దములు నిలుచుటకు కత్తియే కారణమని తోచుచున్నది. ఆ సంగతి కత్తి పోయిన పిమ్మట జరిగినదానిని బట్టి తెలియగలదు.

ఇక పెండ్లి. దీనిని గూర్చి విదేశీయులు వ్రాసిన వ్రాతలలో వింత మాటలు మెండు. నిదానముగా చూడవలెను. నాయరు బాలికకు రెండు సంస్కారములు. ఈడేరక మునుపు తాలికట్టు కల్యాణము. బంధుకుటుంబములోని వాడో, బ్రాహ్మణుడో, క్షత్రియుడో తాళి కట్టును. కొన్ని నాళ్ల వేడుక. అంతటితో తాళి కట్టినవాడు వెడలిపోవును. పలు యిండ్లలో ఆ బాలికకు అతనితో మఱల పని యుండదు. దీనికై తరవాళ్లు చేసిన వ్యయము పందిళ్లు, విందులు, దానములతో అప్పుల పాలు చేయునంతటిది. ఈడు వచ్చిన పిమ్మట సంబంధము. వరుడు వధువునకు దీపము నెదుట ఒక వస్త్రమిచ్చును. దానిని పుడవకొడ యందురు. హోమము లేదు, సప్తపది లేదు. ఆ వస్త్రమే పెండ్లి. పొసగనప్పుడు దానిని విడుచుటకును తంటా లేదు. ఆమె కోరినను విడువవచ్చును, అతడు కోరినను విడువవచ్చును.

దీని మంచిచెడ్డలు రెండును చెప్పవలెను. మన దేశమున కందుకూరి వీరేశలింగముగారు 1881 డిసెంబరులో రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించునాటికి, మన బాలవితంతువులు తల గొఱిగించుకొని ఒక మూల కూర్చుండవలసినవారు. నాయరు స్త్రీకి వైధవ్యమను శిక్షయే లేదు. మగడు చనిపోయినను ఆమె తన తల్లి యింటిలో తన గదిలో నుండును. వలసినచో మఱల పుడవ పుచ్చుకొనును. మగని యింటివారు వెళ్లగొట్టుదురను భయమును లేదు. ఆమె వారి యింట నున్న గదా. ఇది గొప్ప ధైర్యము. అయితే ఆమెకు సంబంధమును కుదుర్చువాడు కారణవన్. అక్కడ ఆమె యిష్టము కంటె ఇంటి గౌరవము ముఖ్యము.

ఆ గౌరవములో నొకటి నంబూదిరి సంబంధము. నంబూదిరుల యిండ్లలో పెద్దకొడుకు మాత్రమే స్వకులములో పెండ్లాడుట నియమము. తమ్ములు నాయరు, క్షత్రియ గృహములలో సంబంధములు చేసికొనిరి. పుట్టిన బిడ్డలు తల్లి కులము వారు. తండ్రి తన బిడ్డను తాకి స్నానము చేయవలసినవాడు, బిడ్డతో కలిసి భుజింపనివాడు. నంబూదిరి తన యాస్తి ముక్కలు గాకుండ కాపాడుకొనెను. అతని బిడ్డలను నాయరు తరవాడు పోషించెను. దీనిని పుణ్యమనిరి. లెక్క తెలిసిన గృహస్థుడెవడైనను ఈ వ్యవహారములో లాభ మెవరిదో క్షణములో చెప్పగలడు.

భూమి సంగతి క్లుప్తముగా చెప్పెదను. అక్కడి భూమికి మూడంతస్తుల హక్కు. అడుగు హక్కు జన్మము. అది నంబూదిరులకు, దేవస్థానములకు, రాజకుటుంబములకు, కొందఱు పెద్ద నాయర్లకు. దానిపై కాణము, జన్మికి కొంత సొమ్మిచ్చి, ఆ సొమ్ము వడ్డీని పాటముతో చెల్లుకొట్టుకొని అనుభవించు హక్కు. కాణపుదారులలో నాయర్లు మెండు. పండ్రెండేండ్లకు కాణము తిరుగ వ్రాయించుకొనవలెను, దానికి జన్మికి రుసుము. మూడవది వెఱుంపాట్టము, ఏటేట కౌలు. ఇందు తీయలు, మాప్పిళ్లలు హెచ్చు. ఈ మూడింటికి క్రింద ఏ హక్కును లేక బురదలో దిగి నాట్లు వేసినవారు చెఱుమలు, పులయలు. వారిని భూమితో పాటు అమ్మిరి, కుదువ పెట్టిరి. పదులకొలది అడుగుల దూరమున నిలువుమని కేకలు వేసి బాటలనుండి తొలగించిరి. 1843 చట్టముతో బ్రిటిషు ఇండియాలో దాస్యమునకు న్యాయస్థానముల గుర్తింపు పోయినది; కొచ్చిన్‌లో 1854న, తిరువాన్కూరులో 1855న అది రద్దయ్యెను. తరవాటి ముంగిలి చల్లదనమును మెచ్చుకొనువారు, ఆ ముంగిలిలోనికి వచ్చిన వడ్లు ఎవరి వెన్నులపై వచ్చినవో మఱువరాదు.

కత్తి యెట్లు పోయినది? ఒక్క దెబ్బతో పోలేదు. తిరువాన్కూరులో 1729న రాజ్యమునకు వచ్చిన మార్తాండవర్మ, రాజును లెక్క చేయని ఎనిమిది యిండ్ల పిళ్ళలను నాయరు ప్రభువులను నిర్మూలించెను. 1741లో కొళచ్చలు వద్ద డచ్చివారిని ఓడించి, చెఱపట్టిన డిలనాయ్ యనువానిచేతనే తన సేనకు పాశ్చాత్య పద్ధతి నేర్పించెను. ఊరికొక ప్రభువు క్రింద నున్న నాయరు ఇక రాజు జీతగాడయ్యెను. ఉత్తరమున 1766లో హైదరాలీ దండెత్తి వచ్చినప్పుడు సామూతిరి తన కోటకు నిప్పంటించుకొని మరణించెను. మామాంకమును అంతటితో ముగిసెను. టిప్పు కాలమున ఎన్నో తరవాళ్లు దక్షిణమునకు వలస పోయినవి. 1792లో శ్రీరంగపట్టణపు సంధితో మలబారు ఇంగ్లీషువారి పాలయ్యెను. వయనాటి కొండలలో నాయర్లను, కుఱిచ్యులను కూడగట్టుకొని పోరిన పళశ్శి రాజు 1805 నవంబరులో కూలెను. తిరువాన్కూరు దళవా వేలుతంబి 1809 జనవరిలో కుండర యందు ప్రజలను ఆయుధములు పట్టుడని పిలిచి, ఓడి, శత్రువుల చేత చిక్కక ప్రాణములు విడిచెను. తిరువాన్కూరు నాయరు సేనను కుంపినీవారు చెదరగొట్టిరి. పురుషుడు ఇల్లు విడిచి చచ్చుటకు పోవలసిన పని తీఱిపోయెను.

అప్పుడు ఇంటిలో చీడ పుట్టెను. కారణవన్‌కు యుద్ధము లేదు, ఇంటనే యుండెను. పై ప్రభువు లేడు. తప్పు చేసినచో మందలించు నాటి పెద్దలకూటము లేదు. కోర్టు కలదు. ఇంగ్లీషు న్యాయాధిపతులు జన్మిని నేలకు సంపూర్ణ యజమానిని చేసిరి. దీని వలన కౌలుదార్లకు కలిగిన అన్యాయమును మలబారు కలెక్టరైన లోగన్‌దొర యెలుగెత్తి చెప్పెను. ఆ న్యాయాధిపతులే కారణవన్‌ను ఇంటికి ఇంచుమించు సర్వాధికారిని చేసిరి. పిన్నలకు తిండి బట్ట అడుగు హక్కు, అతడు మితిమీఱినచో తొలగింపుడని దావా వేయు హక్కు మాత్రము మిగిలినవి. పెద్దవాడు తరవాటి సొమ్ము దాచి తన భార్యకు, తన బిడ్డలకు చాటుగా పంపుచున్నాడని మేనల్లుండ్ర ఫిర్యాదు. మేనల్లుండ్రు ఇంగ్లీషు చదువులకు డబ్బు తగులబెట్టుచున్నారని పెద్దవాని ఫిర్యాదు. మన పాలివాండ్ర దావాలు చూచినవారికి ఈ భాష కొత్త కాదు.

ఆ మేనల్లుండ్రే చదివి వకీళ్లును, మునసబులును అయిరి. వారికి జీతము వచ్చినది. జీతము చేతిలో పడినవానికి అది తన యాలిబిడ్డలకు చెందవలెనని తోచుట సహజము. 1889లో ఒ. చందు మేనోన్‌గారు వ్రాసిన ఇందులేఖ యను నవలలో, ఇంగ్లీషు చదువుకొన్న నాయరు కన్య, తన యింటి పెద్ద కుదిర్చిన నంబూదిరిని త్రోసిపుచ్చి తాను వలచిన మాధవునే పెండ్లాడును. మన రాజశేఖర చరిత్రమునకు పదియేండ్ల తరువాతిది. మఱుసటి యేడు, అనగా 1890లో, సి. శంకరన్ నాయరుగారు చెన్నపురి శాసనసభలో సంబంధమును చట్టబద్ధమైన వివాహము చేయవలెనని బిల్లు తెచ్చిరి. ఈయనయే 1897లో అమరావతి కాంగ్రెసునకు అధ్యక్షుడు. ఆ యమరావతి బీరారుది, కృష్ణాతీరమందలి మన యమరావతి కాదు. విచారణకు 1891లో సంఘము కూర్చుండెను. చిత్రమేమనగా, అందు సభ్యుడైన చందు మేనోన్‌గారే బిల్లు వలదనిరి. సంబంధము నిజముగా పెండ్లియే, దానికి సర్కారు ముద్ర యేల యని ఆయన వాదము. నవలలో ఇందులేఖకు స్వేచ్ఛ నిచ్చినవాడు సభలో నిట్లనెనని కొందఱు నవ్విరి. నాకట్లు తోచదు. మా తల్లుల పెండ్లి పెండ్లి కాదని కాగితము మీద ఒప్పుకొమ్మన్నచో ఎవడు సహించును?

1896లో చట్టమయ్యెను. దాని క్రింద రిజిస్టరు చేయించుకొన్నవారు అతి స్వల్పము. ఈ చట్టమును చేసిన సభలో ఒక్క స్త్రీయు లేదు. ఇల్లు ఎవరి పేర నడచెనో ఆ యమ్మలను అడిగి చేసిన చట్టము కాదు.

తరువాత కట్ట తెగినది. తిరువాన్కూరులో 1912 చట్టము కొంత దారి చూపగా, 1925 చట్టము ఒక్కొక్క వ్యక్తికి తన పాలు అడుగు హక్కు నిచ్చెను. మలబారునకు 1933లో వచ్చిన చట్టము సంబంధమును వివాహముగా నెంచి, తావళి వారీగా, అనగా ఒక్కొక్క తల్లి శాఖ చొప్పున, పంపకమునకు అనుమతించెను. ఈ మార్పులకు పాటుపడినవారిలో 1914లో నాయరు సేవా సమాజమును స్థాపించిన మన్నత్తు పద్మనాభన్‌గారు ముఖ్యులు. ఆయన తాలికట్టు కల్యాణమువంటి దండుగ వ్యయములను మాన్పింప యత్నించిరి. 1924లో వైకము సత్యాగ్రహ సమయమున, అంటరానివారికి గుడి బాటలు తెఱువవలెనని సవర్ణుల యాత్రను తిరువనంతపురమునకు నడిపించిరి. తిరువాన్కూరు గుడుల తలుపులు 1936 నవంబరులో అందఱికి తెఱవబడినవి.

పంపకములు వచ్చిన పిమ్మట ఏమైనది? అన్నకు వచ్చిన పాలుతో అన్న తన భార్య బిడ్డలకు వేఱు యిల్లు కట్టెను. చెల్లెలికిని సమానముగ పాలు వచ్చెను. ఇది మనము గుర్తింపవలసిన మాట. మన తెలుగునాట ఆడపడుచునకు ఉమ్మడి యాస్తిలో కొడుకుతో సమానమైన పుట్టుక హక్కు 1985 సెప్టెంబరు 5వ తేదీ మొదలుకొని గాని రాలేదు. అప్పటికి పెండ్లియైన పడుచులకు అదియును లేకపోయెను. దేశమంతటికిని 2005లో వచ్చెను. నాయరు స్త్రీకి పాలు ముందే వచ్చెను. పోయినది వేఱొకటి. పూర్వము ఆమె ఎచ్చటికిని పోనక్కఱ లేదు. ఆమె యున్న చోటే యిల్లు. ఇప్పుడామె మగని వెంట పోవలసినదయ్యెను. మగనితో పొసగనిచో తిరిగి వచ్చుటకు గది లేదు. గదులను అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు గోడలు పెట్టి పంచుకొనిరి, లేదా కప్పు విప్పి కలప అమ్ముకొనిరి. కట్నమను మాట వారి తాతమ్మలు పెద్దగా విననిది, మనుమరాండ్ర పెండ్లిండ్లలో వినబడెను. కారణవన్ దౌర్జన్యము పోవుట మేలే. యువకుల కోరిక న్యాయమైనదే. అయినను చిట్టాలో జమ ప్రక్కను ఖర్చు కూడ వ్రాయవలెను గదా.

భూమి యుండియు చాల తరవాళ్లకు నిలువలేదు. 1963 భూసంస్కరణ చట్టము 1969 సవరణలతో 1970 జనవరి 1న అమలునకు వచ్చినప్పుడు, కౌలు పద్ధతియే రద్దయి, దున్నువానికి నేల దక్కెను. జన్మము, కాణము అను మాటలు దస్తావేజులలో మాత్రము మిగిలినవి. 1976 డిసెంబరు 1 నుండి కేరళములో ఉమ్మడి కుటుంబ పద్ధతియే, తల్లి వారిదైనను తండ్రి వారిదైనను, చట్టముచే తీసివేయబడినది. ఆనాడు ఉమ్మడిలో నున్నవారందఱును పాళ్లు పంచుకొన్నవారుగా లెక్కింపబడిరి. కోర్టునకు పోనక్కఱ లేకయే తరవాడు ముగిసెను.

మన యింటిపేరు తండ్రినుండి వచ్చును. వారి యింటిపేరు తల్లి తరవాటిది. శంకరన్ నాయరుగారి చెట్టూరును, వి. కె. కృష్ణ మేనోన్‌గారి వెంగాలిలును వారి తల్లుల యిండ్ల పేర్లే. ఈ వాడుకయు తగ్గుచున్నది. తండ్రి పేరును ముందు చేర్చుకొనువారే హెచ్చు. పంపకపు పత్రములలో మాత్రము పరదేవత గదిని, సర్పకావును పంచక ఉమ్మడిగా నుంచుట చాల యిండ్లలో జరిగినది. తడిక కట్టి, చెట్టు నఱుకరాదని వ్రాసికొని, ఏట నొకమాఱు బంధువు లచ్చట చేరి పాములకు పాలు, పసుపు సమర్పింతురు. ఆ నాడు వచ్చి నిలుచువారి వరుస యిప్పటికిని అమ్మమ్మల పేరులనుబట్టియే లెక్కించుదురు.